చేతి మీద రాయించిన ఊరు

హైదరాబాదు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన నాన్నకు,

నీ పెద్ద కూతురు సువార్త ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. నువ్వు, అమ్మ, చెల్లి కరుణ, నాయనమ్మ అంతా బాగున్నారని తలుస్తాను. నాయనమ్మ మోకాళ్ళ వాపు తగ్గిందా? పాస్టరు గారింట్లో అందరూ కులాసానా? మిరప చేను ఎలా ఉంది? మన కౌలు చేలో ఆకులు ముడుచుకుపోతున్నాయని, బొబ్బర తెగులు తగిలినట్లుందని అమ్మ పోయినసారి దిగులుగా చెప్పింది. మందు కొట్టాక ఏమన్నా తేరుకుందా? పత్తి తీతకి కూలికి పిలుస్తున్నారా?

ఇక్కడ నేను క్షేమం అని రాయాలి. ఆ మాట రాసి రెండుసార్లు కొట్టేశాను. కాగితం పాడైతే మళ్ళీ కొత్తది తీశాను. జ్వరం లేదు, దగ్గు లేదు, వేళకి ఏదో ఒకటి తింటున్నాను. అంతవరకు క్షేమమే. మిగతాది రాస్తాను. నువ్వు బైబిలు చదివినట్లు ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతావు కాబట్టి గుండ్రంగా, విడివిడిగా రాస్తున్నాను. నిదానంగా చివరిదాకా చదువు. కానీ మధ్యలో ఎవరైనా పిలిస్తే నువ్వు లేచి వెళ్ళిపోతావు, అందుకని ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను.

కరుణను ఇక్కడికి పంపొద్దు. రేపు కాక వచ్చే సోమవారం మీరిద్దరూ హైదరాబాదు బస్సు ఎక్కొద్దు. దానికి గుంటూరు మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు సీటు వచ్చింది కదా, అందులో చేర్పించు. చేరడానికి ఈ శుక్రవారమే ఆఖరు రోజని అదే నాకు చెప్పింది. ఆ సీటు పోతే మళ్ళీ రాదు.

ఈ మాట ఫోనులో ఎందుకు చెప్పలేదని అమ్మ అడుగుతుంది. మనకి ఫోనంటే శేషయ్య గారి కిరాణా కొట్టు. నేను చేసినప్పుడల్లా అమ్మ వచ్చేసరికి అరుగు మీద పది మంది చేరతారు. అమ్మ ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుని నా గొంతు అందరికీ వినిపిస్తుంది. పోయిన నెల వెనక నుంచి ఎవరో, ఏ దేశం వెళ్ళొచ్చిందో అడుగు అన్నారు. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "అది డూటీలో ఉంది, తర్వాత చెప్పుద్దిలే" అంది. నాకు అప్పుడు అమ్మ మీద కోపం రాలేదు, హమ్మయ్య అనిపించింది. ఆ అరుగు మీద నిజం చెప్పే ధైర్యం నాకు లేదు నాన్నా. రేపు పొద్దున్నే శేషయ్య గారికి ఫోను చేసి, నా దగ్గర నుంచి ఉత్తరం వస్తుంది, అది చదివేదాకా ఏదీ తేల్చొద్దు అని మాత్రం చెప్పమంటాను. ఉత్తరం రిజిస్టరు చేసి పంపుతాను. బుధవారానికి అందాలి.

ఇక్కడ వారం రోజులుగా ముసురు పట్టింది. మన దగ్గరలాగా దబదబా కురిసి వెలిసే వాన కాదు, సణుగుతూ ఉంటుంది. గదిలో ఆరుగురం. ఉతికిన బట్టలు ఆరక గదంతా తడిగుడ్డల వాసన. హాస్టల్లో సాంబారని ఒకటి పోస్తారు, అందులో పప్పు కోసం గరిటె పెట్టి గాలించాలి. అమ్మ పంపిన పండుమిరపకాయల పచ్చడి అయిపోయి చాలా రోజులైంది. ట్రైనింగు రోజుల్లో ప్రతి సోమవారం మమ్మల్ని బస్తాల్లాగా కాటా ఎక్కించి తూకం చూసేవాళ్ళు. ఎక్కువొస్తే ఆ వారం చపాతీలే. అప్పుడు తినాలని ప్రాణం లాగేది, తిననిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు తూకం చూసేవాళ్ళు లేరు, నాకు ముద్ద దిగడం లేదు.

గదిలో పిల్లలు మంచివాళ్ళే. నేను మాట్లాడితే నవ్వుతారు, మళ్ళీ అనమంటారు. మొదట్లో నాకూ సరదాగా ఉండేది. ఆదివారం గుడికి వెళ్తే అద్దాల తలుపులు, పెద్ద పెద్ద స్పీకర్లు, అన్నీ ఉన్నాయి గాని పక్కన కూర్చున్నవాళ్ళు నా పేరు కూడా అడగరు. మన పల్లెకి కొత్త మనిషి వస్తే ఎవరో ఒకరు అన్నం పెట్టేదాకా వదలరు కదా. ఈ రోజు నేను గుడికి వెళ్ళలేదు. ఈ ఉత్తరం రాయకుండా వెళ్ళి పాటలు పాడబుద్ధి కాలేదు.

ఇక అసలు సంగతి. నాన్నా, నేను విమానంలో పని చేయడం లేదు. ఇంతవరకు విమానం ఎక్కనే లేదు. విమానాశ్రయాన్ని గోడ బయట నుంచి చూశాను, అంతే.

పేపర్లో నా ఫొటో పడినప్పుడు నాకు ఉద్యోగం వచ్చిందని మీరంతా అనుకున్నారు. అది ఉద్యోగం ఫొటో కాదు, ఎయిర్ హోస్టెస్ ట్రైనింగు ఇచ్చే మా ఇనిస్టిట్యూట్ వాళ్ళ ప్రకటన. మా ట్రైనింగు హాల్లో చెక్కతో, రేకుతో కట్టిన ఉత్తుత్తి విమానం ఒకటుంది. దానికో తలుపు, పన్నెండు సీట్లు, కిటికీల వెనక అంటించిన మబ్బుల బొమ్మ. ఆ తలుపు దగ్గర ఎర్ర కోటు తొడిగి, మెడకి రుమాలు కట్టి, నన్ను నవ్వమని ఫొటో తీశారు. బొమ్మ కింద నమూనా అని చీమ తలంత అక్షరాలతో వేశారు. నువ్వు ఆ ముక్క కత్తిరించి గోడకి క్యాలెండరు పక్కన అంటించావంట. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆపి, పల్లెలో పుట్టిన బిడ్డ ఆకాశంలో తిరుగుతోందని చెప్పి నా కోసం ప్రార్థన చేశారంట. అమ్మ పత్తి తీస్తూ పైన విమానం మోత వినపడితే నడుం ఎత్తి చెయ్యి ఊపుతుందంట. అమ్మను చూసి పక్క సాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఊపుతారంట. ఇదంతా కరుణ నవ్వుతూ చెప్పింది. ఆ రోజు ఫోను పెట్టేసి రోడ్డంతా ఏడుస్తూ నడిచాను. అయినా చెప్పలేదు. నేనేం అబద్ధం ఆడలేదు, వాళ్ళే అనుకున్నారు అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నోరు మూసుకుని ఊరుకోవడం అబద్ధం కాదా? అబద్ధమే.

ట్రైనింగులో ఏమీ నేర్పలేదని నేను అనను. చాకు, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో నేర్పారు. ఎన్ని పళ్ళు కనపడేలా నవ్వాలో నేర్పారు. నలుగురిలో తల వంచుకోకుండా మాట్లాడటం వచ్చింది, అది ఎక్కడికీ పోదు. తల మీద పుస్తకం పెట్టుకుని నడవమన్నప్పుడు నేను మొదటి రోజే హాలు చివరిదాకా నడిచేశాను. నీళ్ళ బిందె, పత్తి మూట మోసిన తల కదా. మేడం చప్పట్లు కొట్టింది. పట్నం పిల్లలకి అది రావడానికి నెల పట్టింది. ఆ రోజు నాకు ఈ ఉద్యోగం వచ్చి తీరుతుందనిపించింది. విమానానికి ప్రమాదం వస్తే ఏ తలుపు ఎటుందో ఇంగ్లీషులో ఇప్పటికీ గడగడా అప్పజెప్పగలను. ఎవరికి అప్పజెప్పను?

మా బ్యాచిలో నలభై మందికి పైగా ఉన్నాం. ఇద్దరికి ఉద్యోగాలు వచ్చాయి. ఆ ఇద్దరూ పొడుగు పిల్లలు, చిన్నప్పటి నుంచి కాన్వెంటు చదువు, ఇంగ్లీషు మన తెలుగులాగా మాట్లాడతారు. వాళ్ళు ఈ ఇనిస్టిట్యూట్ గుమ్మం తొక్కకపోయినా కంపెనీ వాళ్ళు తీసుకునేవాళ్ళే. ఇప్పుడు వాళ్ళ ఫొటోలు మెట్ల దగ్గర గోడకి ఉన్నాయి. మిగిలిన మా సంగతి ఎవరూ అడగరు.

నా సంగతి ఎక్కడ ఆగిపోయిందో చెబుతాను. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ దాచింది ఇదే. నా ఎడమ చేతి మీద పచ్చబొట్టు దగ్గర ఆగిపోయింది.

నీకు తెలియని కథ కాదు, అయినా ఈ వారమంతా అదే గుర్తొస్తోంది. నాకు ఏడేళ్ళు. గుంటూరులో ప్రార్థన సభలకి పల్లె పల్లెంతా ట్రాక్టరు మీద వెళ్ళాం. అన్నాల పందిరి దగ్గర జనంలో నీ చెయ్యి వదిలేశాను. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మీరు వెతికారు, మైకులో పిలిపించారు. మీ ఊరేదని ఎవరడిగినా మా ఊరు అన్నానే గాని పేరు చెప్పలేకపోయాను. దొరికాక నువ్వు నన్ను ఒక్క దెబ్బ కూడా వేయలేదు. మర్నాడు సభల గేటు దగ్గర బ్యాటరీ మిషనుతో పచ్చబొట్లు పొడిచే మనిషి ముందు నన్నూ, నాలుగేళ్ళ కరుణనూ కూర్చోబెట్టావు. మిగతా వాళ్ళు తమ పిల్లలకి శిలువ గుర్తు పొడిపిస్తుంటే నువ్వు మాత్రం మా ముంజేతుల మీద నీ పేరు యాకోబు, మన ఊరు అడుసుపాలెం, మన మండలం పర్చూరు అని పొడిపించావు. నేను గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఓర్చుకోవే. రేపెక్కడ తప్పిపోయినా అచ్చరమ్ముక్క వచ్చినోడు ఎవడో ఒకడు చదివి నిన్ను ఇంటికి చేరుస్తాడు" అన్నావు. అది అందరికీ బాగా నచ్చింది. మరుసటి ఏడు సభల్లో పల్లెలో పిల్లలందరికీ అలాగే పొడిపించారు. మన పల్లెలో నా ఈడు ఆడపిల్లల్లో ఇంటి చిరునామా లేని చెయ్యి ఒక్కటి లేదు.

ఇనిస్టిట్యూట్లో చేరిన రోజు నువ్వూ నా పక్కనే ఉన్నావు. నేను ఎడమ చెయ్యి బల్ల మీద ఆనించి దరఖాస్తు నింపాను. మేనేజరు సారు ఆ చేతినే చూశాడు. యాకోబు అంటే ఎవరమ్మా అని నవ్వుతూ అడిగాడు కూడా. ఈ పచ్చబొట్టు వల్ల ఏమన్నా ఇబ్బంది ఉంటుందాండీ అని అడిగింది నువ్వే, గుర్తుందా? ఏం లేదండీ, నిండు చేతుల చొక్కా వేస్తారు, పైన మేకప్ రాస్తే అసలు కనపడదు అన్నాడు. నువ్వు అడగాల్సింది అడిగావు నాన్నా. అతను చెప్పాల్సింది చెప్పలేదు. మన గేదెను అమ్మిన డబ్బు ఆ బల్ల మీదే పెట్టి వచ్చాం.

ట్రైనింగు అయ్యాక ఒక పెద్ద హోటల్లో విమాన కంపెనీ వాళ్ళు పిల్లల్ని చూడటానికి వచ్చారు. గోడ మీద ఎత్తుగా ఒక గీత గీసి, మునివేళ్ళ మీద లేచి రెండు చేతులూ పైకెత్తి దాన్ని అందుకోమన్నారు. విమానంలో సామాను అరలు తల పైన ఉంటాయి, అవి అందాలంట. నేను అందుకున్నాను. సంతోషపడే లోపే చొక్కా చేతులు మోచేతుల దాకా జారాయి. మేకప్ చెమటకి అప్పటికే కరిగింది. అక్కడున్న ఆవిడ తెలుగావిడే. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, వేలితో తుడిచి చదివింది. ఎవరు పంపారని అడిగితే ఇనిస్టిట్యూట్ పేరు చెప్పాను.

"వాళ్ళు చూళ్ళేదా? కనపడే చోట పచ్చబొట్టుంటే ఎవరూ తీసుకోరమ్మా" అంది. నేను కదలకుండా నిలబడేసరికి గొంతు తగ్గించి, "అసలు ఆ ట్రైనింగు మాకు అక్కర్లేదు. మాకు కావలసినవాళ్ళని తీసుకుని మేమే నేర్పుకుంటాం. నేర్పినన్నాళ్ళూ మేమే జీతమిస్తాం" అంది.

ఆ తర్వాత ఇంకో మూడు చోట్లకి వెళ్ళాను. రెండు చోట్ల చెయ్యి చూసి వద్దన్నారు. మూడో చోట నా ఇంగ్లీషు విని వద్దన్నారు, చెయ్యిదాకా రానే లేదు.

ఇది రాయకూడదు గాని రాస్తున్నాను. హాస్టల్ స్నానాల గదిలో కాళ్ళు తోముకునే రాయితో ఆ చేతిని రుద్దాను. తోలు లేచింది, రక్తం వచ్చింది, పుండు పడింది. మానాక చూస్తే నీ పేరు అలాగే ఉంది, కాస్త వంకర పోయింది. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే, మిషనుతో తీసినా మచ్చ మిగులుతుంది, మచ్చ ఉన్నా వాళ్ళు తీసుకోరు అన్నాడు. నీ మీద కోపం వచ్చిన రోజులు ఉన్నాయి నాన్నా. అన్నం ముందు కూర్చుని నిన్ను తిట్టుకున్నాను. ఇప్పుడు లేదు. నన్ను క్షమించు.

మన ఊరు రావడానికి మొహం చెల్లక ఇక్కడే తిరుగుతుంటే మేనేజరు సారు పిలిచి ఇనిస్టిట్యూట్లోనే పని ఇచ్చాడు. ప్రకటన కింద కూపను ఉంటుంది. అది నింపి పంపిన ఆడపిల్లలకి ఫోను చేసి, వాళ్ళని చేరడానికి ఒప్పించాలి. గుంటూరు, ప్రకాశం జిల్లాల కూపన్లు నాకు ఇచ్చారు. వాళ్ళ మాట నీ నోట్లో ఉంది, నువ్వు చెబితే నమ్ముతారు అన్నాడు. నిజంగానే నమ్మారు. నాలుగు నెలల్లో ఏడుగురిని చేర్పించాను.

అందులో పిడుగురాళ్ళ పిల్ల ఒకతి, పేరు రమణ. వాళ్ళ నాన్న సున్నం బట్టీలో పని చేస్తాడు. చిన్నప్పుడు సున్నం పడి దాని ముంజెయ్యి కాలింది, ఆ మచ్చ ఇంకా తెల్లగా మెరుస్తూ ఉంటుంది. చేరే రోజు అది చెయ్యి చాపి, దీనివల్ల ఏమన్నా ఇబ్బంది ఉంటదా అక్కా అని అడిగింది. ఏం లేదమ్మా, మేకప్ రాస్తే కనపడదు అన్నాను. తడుముకోలేదు కూడా. వాళ్ళ నాన్న వెళ్తూ వెళ్తూ నాకు రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. ఆ మనిషి వేళ్ళు సున్నానికి పగిలి ఉన్నాయి. మీ అమ్మాయిని నేను చూసుకుంటాను అని అతనికి నవ్వుతూ చెప్పాను, ఎన్ని పళ్ళు కనపడాలో అన్నీ కనపడేలా.

మొన్న గురువారం పొద్దున నా బల్ల మీద పెట్టిన కట్టలో మూడో కూపను కరుణది. దాని రాత నాకు తెలియదా? వెంటనే శేషయ్య గారి కొట్టుకి ఫోను చేసి దాన్ని పిలిపించాను. అది ఎగిరి గంతేస్తూ వచ్చింది. నాన్న ఒప్పుకున్నాడని, ఈ సోమవారం కాక పై సోమవారం వస్తున్నామని, అమ్మ చెవికమ్మలు తీసి ఇచ్చిందని, నాకు ముందే చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్నామని ఒక్క గుక్కలో చెప్పింది. మరి నర్సింగు సీటో అన్నాను.

"వచ్చే శుక్రవారంతో అయిపోద్దంట. పోతే పోనీలే అక్కా. పుండ్లు కడిగే పని ఎవరిక్కావాలి? నేనూ నీలాగే ఎగరతా" అంది.

వెనక అరుగు మీద వాళ్ళు నవ్వుతున్నారు. నేను సరేనని పెట్టేశాను. సరే అన్నాను నాన్నా. అదే దానితో నేను చివరిగా అన్న మాట.

మేనేజరు సారుకి తెలిసింది. మీ చెల్లెలు చేరితే నిన్ను పెద్ద పోస్టులోకి మారుస్తాను, ఇద్దరికీ కలిపి గది ఇప్పిస్తాను అన్నాడు. ఒక రోజంతా ఆలోచించాను. దాచను. పోస్టు గురించి కాదు. అది వస్తే నా పక్క మంచం మీద పడుకుంటుంది, నా జడ అది వేస్తుంది, మన మాట మాట్లాడే మనిషి ఒకరుంటారు, ఉద్యోగం రాదన్న సంగతి దానికి తెలిసేసరికి ఏడాది పడుతుంది, ఈ ఏడాది నేను ఒంటరిగా ఉండక్కర్లేదు, అని ఆలోచించాను. దాని బతుకు ఏమైపోతుందో తెలిసి కూడా ఆలోచించాను. నామీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

నిన్న శనివారం రమణను ఆ ఉత్తుత్తి విమానంలో సీటులో కూర్చోబెట్టి అంతా చెప్పాను. నా చెయ్యి చూపించాను. కట్టిన దాంట్లో కొంతన్నా వెనక్కి అడుగు, మీ నాన్నని పిలిపించు అన్నాను. అది కిటికీ వెనక మబ్బుల బొమ్మ వైపు చూసింది.

"నువ్వైతే ఉద్యోగం చేసుకుంటున్నావుగా అక్కా. నన్నెందుకు పొమ్మంటున్నావు?" అంది.

తిన్నగా మేనేజరు సారు గదికి వెళ్ళి, రేపటి నుంచి రానని చెప్పి బల్ల తాళం ఇచ్చేశాను. అతను కోప్పడలేదు. సరే అమ్మా, ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాం అన్నాడు. రేపు ఆ బల్ల దగ్గర ఇంకో అమ్మాయి కూర్చుని మన జిల్లా పిల్లలకి ఫోను చేస్తుంది. నేను మానేసినందువల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. రమణ రేపు కూడా క్లాసుకి వెళ్తుంది. ఆ ఏడుగురి ఇళ్ళలోనూ గోడలకి ఏ ఫొటో అంటించుకున్నారో నాకు తెలియదు. కరుణ కూపను మాత్రం కట్టలోంచి తీసి తెచ్చాను. ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను, చూపించు దానికి.

రమణ నమ్మలేదు, కరుణ కూడా నమ్మదు. అక్క తను మాత్రం బాగుపడి నన్ను రానివ్వట్లేదు అంటుంది. అననీ. నా మాట వినదు, అమ్మను ఏడిపించి ఒప్పిస్తుంది. నీ మాటకి ఒక్కదానికే ఆగుతుంది. దాన్ని కూర్చోబెట్టి ఎడమ చెయ్యి చాపమను. చేతి మీద ఉన్నది పైకి చదవమను. ఆ తర్వాత ఈ ఉత్తరం చదువు, ఒక్క ముక్క కూడా వదలొద్దు, నేను రాయి పెట్టి రుద్దుకున్నదీ వదలొద్దు. నర్సులు చేతులు పైకి మడుచుకుని పని చేస్తారు. అక్కడ దాని చేతి మీద ఏం రాసి ఉందో ఎవరూ పట్టించుకోరు. పుండ్లు కడిగితే కడుగుతుంది. ఎవరికో ఒకరికి మానుతుంది.

దాని ఒరిజినల్ సర్టిఫికెట్లు గుంటూరులో తప్ప ఇంకెక్కడా ఇవ్వొద్దు. నావి ఇంకా ఇక్కడే ఉన్నాయి, రేపు వెళ్ళి అడగాలి. అమ్మ కమ్మలు అమ్మకు ఇచ్చేయండి. గోడ మీద ఫొటో తీసెయ్. పాస్టరు గారికి నువ్వు చెప్పలేకపోతే నేనే ఇంకో ఉత్తరం రాస్తాను. అమ్మను ఇక విమానాలకి చెయ్యి ఊపొద్దని చెప్పు. వాటిలో నేను లేను. పక్క సాళ్ళ వాళ్ళకి ఏం చెప్పాలో నాకు తోచడం లేదు, అమ్మనే ఏదో ఒకటి చెప్పమను. ఈసారి పచ్చడి పట్టినప్పుడు నాకు పంపొద్దు. కరుణ గుంటూరు హాస్టల్లో ఉంటుంది కదా, దానికి పెట్టు.

ప్రతి ఉత్తరంలోనూ నా గురించి బెంగ పెట్టుకోవద్దు అని రాసేదాన్ని. ఈసారి రాయలేను. బెంగ పెట్టుకో నాన్నా. కాస్తన్నా పెట్టుకో.

నాయనమ్మ కాళ్ళకి నా తరఫున నూనె రాయమని కరుణకు చెప్పు. పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి, శేషయ్య గారికి నా వందనాలు. అమ్మకు ఏం చెప్పాలో తెలియక ఏమీ రాయడం లేదు. మీ ప్రార్థనలో నన్ను తలుచుకోండి, కానీ ఆకాశం మాట లేకుండా తలుచుకోండి.

హాస్టల్లో నెలాఖరు దాకా ఉండనిస్తారు. ఆ తర్వాత సంగతి తెలియదు. నాకు అన్ని రకాల నడకలూ నేర్పారు గాని, పర్చూరు బస్సు దిగి, శేషయ్య గారి అరుగు ముందు నుంచి మన ఇంటిదాకా ఎలా నడవాలో నేర్పలేదు. నువ్వు రమ్మంటేనే వస్తాను. ఇన్నాళ్ళూ ఈ చెయ్యి చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు నాన్నా. ఒకాయన చదివి డబ్బు తీసుకున్నాడు, మిగతావాళ్ళు చదివి పక్కకి జరగమన్నారు. ఇంటికి చేర్చినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవడో ఒకడు చదువుతాడని ఆ రోజు నువ్వే అన్నావు. కింద మళ్ళీ రాస్తున్నాను. వేలు పెట్టి చదువు.

ఇట్లు,
సువార్త,
తండ్రి యాకోబు,
అడుసుపాలెం,
పర్చూరు.